క్రాంకు కింది నంబరు

పదీ పదికి పాత సైకిళ్ళ పోటీలో డెల్బర్ట్ క్రౌస్ సైకిలుకి నీలం రిబ్బను కట్టారు. మొదటి బహుమతి. కౌంటీ మైదానంలోని పశువుల కొట్టమంతా చప్పట్లతో మోగిపోయింది. కొట్టనిది నేనొక్కదాన్నే.

ఆ సైకిలు ముప్పై ఒక్క ఏళ్ళ కింద ఒక మనిషిని జైల్లో వేయించింది. అతని పేరు ఆర్విన్ పెటిట్. రేపు, సోమవారం ఉదయం తొమ్మిదింటికి, అతని మాట ఒక్క గంటసేపు వింటానని జడ్జి ఒప్పుకున్నాడు. కొత్త సాక్ష్యం ఉంటే ఆర్విన్ బయటికొస్తాడు. లేకపోతే జైలు ఆసుపత్రి మంచం మీదే పోతాడు. ఊపిరితిత్తులు ఎప్పుడో చేతులెత్తేశాయి. డాక్టరు ఒక వారం అన్నాడు. నర్సు ఆ మాట కూడా అనలేదు, తల అడ్డంగా ఊపింది.

కేసు చిన్నదే. 1956 ఆగస్టు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసే నోరీన్ గిబ్స్ అనే పంతొమ్మిదేళ్ళ పిల్ల సైకిలెక్కి డ్యూటీకి బయల్దేరింది, చేరలేదు. రెండోరోజు కాలవలో శవం తేలింది. సైకిలు లేదు. పదకొండో రోజు ఆర్విన్ షెడ్డులో ఒక లేడీస్ సైకిలు దొరికింది, బ్రష్షుతో నీలం రంగు పూసి ఉంది. పెళ్ళి కానివాడి షెడ్డులో లేడీస్ సైకిలేమిటి? చెల్లెలు వెల్డా పుట్టినరోజుకి ఇద్దామని పాత ఇనుము కొట్లో తెచ్చి రంగేశానన్నాడు. ఆ కొట్టువాడు అప్పటికే పోయాడు. సాక్షి లేడు. పైగా నోరీన్ సైకిలు కొన్న బిల్లు మీద నంబరూ, షెడ్డులో దొరికిన సైకిలు నంబరూ ఒకటే. 3187. జ్యూరీ నలభై నిమిషాల్లో దోషి అని తేల్చేసింది.

ఆ బిల్లు మా నాన్నది. ఈ ఊళ్ళో సైకిళ్ళు అమ్మే స్టాన్లీ వోయిచిక్ ఆయనే. కోర్టులో ప్రమాణం చేసి, "బిల్లు నేనే రాశాను. సైకిలు తిరగేసి, పెడళ్ళు తగిలించే క్రాంకు కింద ఫ్రేముకి కొట్టిన నంబరు చూసి రాశాను," అన్నాడు. అప్పటికి నేను పెళ్ళి చేసుకుని టొలీడో వెళ్ళిపోయాను. సంగతంతా పేపర్లో చదివాను. ఆ తర్వాత ఇన్సూరెన్సు కంపెనీలకి దొంగ క్లెయిములు పట్టిచ్చే పనిలో ఇరవై ఆరేళ్ళు అరగదీశాను. ఇప్పుడు యాభై ఆరేళ్ళ వయసులో సొంతంగా అదే పని.

వెల్డా నా దగ్గరికొచ్చి ఒకటే మాట అంది. "మీ నాన్నగారు అబద్ధం ఆడరని ఊరంతా అంటుంది. మా అన్నయ్యా ఆడడు. ఇద్దరిలో ఒకరు ఎక్కడో పొరపడ్డారు. చూసిపెట్టండి ఇర్మా గారూ." కేసు ఒప్పుకున్నాను.

ఇవాళ నాతో పాటు ఆమె కూడా వచ్చింది. కొట్టంలోకి మాత్రం రానంది. బయట కాఫీ బండి దగ్గర బల్ల మీద కూచుంది. తనకోసం రంగు వేసిన సైకిల్ని ఆమె ఒక్కసారి కూడా తొక్కలేదు.

* * *

డెల్బర్ట్ క్రౌస్‌కి అరవై మూడేళ్ళు. ఆరోజు షెడ్డు తలుపు తీసి సైకిలు పట్టుకున్న పోలీసు డెప్యూటీ ఇతనే. 1974లో కౌంటీవాళ్ళు గోడౌన్ ఖాళీ చేస్తూ వేలం వేస్తే అదే సైకిలు ఇతనే కొన్నాడు. ఇప్పుడు పాత సైకిళ్ళ క్లబ్బుకి పెద్ద తలకాయ. బండెడు గర్వం, బొట్టెడు నవ్వు.

"ఇర్మా! మీ నాన్న ఉండుంటే దీన్ని చూసి మురిసిపోయేవాడు."

"మురిసిపోయేవాడో మూర్ఛపోయేవాడో. ఒకసారి తిరగేసి చూడాలి."

"రంగు గీరుకుపోతుంది."

"దుప్పటి తెచ్చాను."

"మెంబర్లు మాత్రమే ముట్టుకోవాలి తల్లీ. రూలు."

"రిబ్బను కట్టిన సైకిల్ని మధ్యాహ్నం దాకా ఏ మెంబరైనా తిరగేసి చూడొచ్చు. అదీ రూలే. నిన్న చేరాను." కార్డు చూపించాను. చుట్టూ పదిమంది మూగారు. కాదంటే పరువు పోతుంది. పక్కకి తప్పుకున్నాడు.

సైకిలు నిజంగా కన్ను తిప్పుకోనివ్వదు. మెరూన్ రంగు, మీగడ రంగు గీతలు, బూరెల్లాంటి టైర్లు, అద్దంలా మెరిసే మడ్‌గార్డులు. హ్యాండిలుకి వేలాడదీసిన అట్టమీద 'లేక్‌స్టార్, లేడీస్, 1955' అని రాసుంది. మెల్లగా ఎత్తి దుప్పటి మీద తలకిందులుగా నిలబెట్టాను.

క్రాంకు ఇరుసు పట్టే గొట్టం కింద చెయ్యి పెట్టాను. నున్నగా ఉంది. నంబరు లేదు. జేబులోంచి కలం తీసి తట్టాను. పక్కన ఖంగుమంది, అక్కడ మాత్రం టప్పుమంది.

"లప్పం," అన్నాను. "నంబరేది డెల్బర్ట్?"

"తుప్పు తినేసింది. పూడ్చక తప్పలేదు."

"చుట్టూ ఒక్క గుంట లేదే. తుప్పుకి నంబరు ఉన్నచోటే ఆకలేసిందా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. డెల్బర్ట్ అటు చూశాడు, నవ్వు ఆగిపోయింది.

తర్వాత సైడ్ స్టాండు. పంటి డాక్టర్ల దగ్గర ఉండే చిన్న అద్దం నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. యుద్ధానికి ముందు లేక్‌స్టార్‌వాళ్ళు స్టాండుని క్లాంపుతో బిగించేవాళ్ళు. యుద్ధం అయ్యాక, నలభై ఆరు నుంచి, ఫ్రేముకే గొట్టం వెల్డింగు చేసి అందులో దూర్చారు. దీనికి గొట్టం ఉంది. సరే. కాని ఆ అతుకు చూస్తే నాకు ఒళ్ళు మండింది. సన్నగా, వరసగా, కుట్టుపని చేసినట్టుంది. కంపెనీవాళ్ళు రోజుకి వందల ఫ్రేములు అతికేవాళ్ళు. వాళ్ళ అతుకు మందంగా, ఒంకరగా, ఎలా పడితే అలా ఉంటుంది. ఇంత ఓపిక అక్కడ ఎవడికీ లేదు. ఇది తర్వాత ఎవరో తీరిగ్గా పెట్టిన గొట్టం.

గొట్టానికి అటూ ఇటూ వేలితో తడిమాను. రంగు కింద రెండు సన్నని నొక్కులు తగిలాయి. ఒకప్పుడు క్లాంపు కరిచిన చోటు.

లేచి నిలబడి అతనికి మాత్రమే వినబడేలా అన్నాను. "ఇది యాభై అయిదుది కాదు. యుద్ధానికి ముందు సైకిలు. పాతదాన్ని కొత్తదిగా దిద్దావు."

"నీ కళ్ళు ముసలివైపోయాయి ఇర్మా."

"కళ్ళు ముసలివే. వేళ్ళు కావు."

అతను వంగి దుప్పటి అంచు సర్దుతున్నట్టు నటించాడు. "లప్పం తవ్వుకో. కింద ఏమీ లేదు. గ్రైండరు పట్టించాను, ఇసుక కొట్టించాను, నికెలు పూత వేయించాను. ఆ సైకిలు మీద ఇప్పుడు నోరీనూ లేదు, ఆర్వినూ లేడు. నేనే ఉన్నాను. రేపు తొమ్మిది లోపల ఏం చూపిస్తావు జడ్జికి? నీ వేళ్ళా?"

నిజమే. పాత సైకిలుని బాగుచెయ్యడమంటే దాని నోరు నొక్కెయ్యడం. ఎంత బాగా చేస్తే అంత బాగా చచ్చిపోతుంది. పదకొండు కూడా కాలేదు, నా చేతిలో ఉన్నదంతా అయిపోయింది.

* * *

క్లబ్బు కార్యదర్శి ఓపల్ డీట్జ్. ఎనభై ఏళ్ళావిడ. కొట్టం మూల బల్ల వేసుకుని, ఒక ఇనప పెట్టె మీద మోచెయ్యి ఆనించి, ఎవరితోనూ మాట్లాడకుండా ఊలు స్వెటరు అల్లుకుంటోంది.

"ఓపల్ గారూ, రిజిస్టరులో ఒక కాయితం చూడాలి."

"బయటివాళ్ళకి చూపించం."

"నేను మెంబర్ని."

"నిన్నటి మెంబరువి. పాలపళ్ళు కూడా రాలేదు నీకు." ఊలు పక్కన పెట్టలేదు. "ఎవరి సైకిలు?"

"డెల్బర్ట్ క్రౌస్‌ది. రిబ్బను వచ్చింది."

ఆవిడ సూదులు ఆగాయి. "ఆ రిబ్బనుకి నేను చెయ్యెత్తలేదు. యాభై అయిదని అట్ట కట్టాడు. నాకు మతిమరుపు వచ్చిందనుకున్నాడు కాబోలు."

నేను కుర్చీ లాక్కుని కూచున్నాను. "ఎందుకు? మీకేం గుర్తుంది?"

ఈ క్లబ్బుకో పద్ధతుంది. కొత్త సైకిలు తెచ్చిన మెంబరు స్పానరు పెట్టకముందే, రంగు గీకకముందే, ఉన్నది ఉన్నట్టుగా రిజిస్టరులో రాయాలి. నంబరుని చదివి రాస్తే ఒప్పుకోరు. దాని మీద పల్చటి కాయితం వేసి, పెన్సిలుతో రుద్ది, అచ్చు దింపి సంతకం పెట్టాలి. చదివితే తప్పు చదువుతారు, ఇనుము తప్పు చెప్పదు అని ఓపల్ గారి సిద్ధాంతం. ముప్పై ఏళ్ళుగా ఒక్కరికి కూడా మినహాయింపు ఇవ్వలేదు.

"అతను క్లబ్బులో చేరినరోజు నాకు బాగా గుర్తు," అంది ఆవిడ పెట్టె తెరుస్తూ. "డెబ్బై అయిదు, మే నెల. కుర్రకారులా ఉత్సాహం. అచ్చు ఎలా దింపాలో నేనే నేర్పాను. సంతకం పెట్టాక, ఆ అంకెలకి అర్థమేమిటని అడిగాడు. చెప్పాను. అంతే, మొహం పాలిపోయింది. ఎండ దెబ్బేమో అనుకుని నిమ్మరసం ఇచ్చాను. తాగలేదు. కాయితం వెనక్కిచ్చెయ్యమన్నాడు. రిజిస్టరులోకి వచ్చింది బయటికి పోదన్నాను."

రెండువందల పన్నెండో కాయితం. డెల్బర్ట్ సొంత రాత. లేడీస్ లేక్‌స్టార్. కౌంటీ వేలం, 31వ లాటు. బ్రష్షుతో పూసిన నీలం రంగు, అడుగున మెరూన్. సైడ్ స్టాండు లేదు, క్లాంపు గుర్తులున్నాయి. కింద, నల్లటి పెన్సిలు మసకలోంచి తెల్లగా పైకి తేలిన అంకెలు: డి-41-0873.

"నలభై ఒకటి," అన్నాను.

"నలభై ఒకటే. నడిమి రెండంకెలూ తయారైన ఏడాది. ఆ ఏడాది తర్వాత యుద్ధం వచ్చి లేడీస్ సైకిళ్ళు ఆపేశారు."

నోరీన్ తన సైకిలు కొన్నది 1955లో, పెట్టె విప్పిన కొత్తది. ఆర్విన్ షెడ్డులో దొరికింది నలభై ఒకటి నాటిది. అది ఆమె సైకిలు కానేకాదు. ఆర్విన్ చెప్పిన ప్రతి మాటా నిజం. డెల్బర్ట్‌కి ఆ సంగతి పన్నెండేళ్ళ కిందటే తెలుసు.

"ఈ కాయితం నాకు కావాలి ఓపల్ గారూ. రేపు తొమ్మిదింటికి కోర్టులో."

"కాయితం నా చెయ్యి దాటదు." నా మొహం చూసి, "ఏడవకు. నేనే పట్టుకొస్తాను. ఎవరు డ్రైవు చేస్తారో అదొక్కటే చూడు," అంది.

ఏడవలేదు. కాని ఇంకోటి గుచ్చుకుంటోంది. ఫ్రేము కింద ఉన్నది డి-41-0873. మరి డెల్బర్ట్ ఆ రోజు చదివిన 3187 ఎక్కడిది?

పదకొండూ ముప్పావుకి మళ్ళీ ఆ సైకిలు దగ్గరికి వెళ్ళాను. డెల్బర్ట్ అక్కడ లేడు. పెడల్ని తిప్పి, క్రాంకు కడ్డీ లోపలి వైపు అద్దం పెట్టాను. ఇనుములోంచి ఉబ్బి వచ్చిన నాలుగంకెలు. 3187.

పక్క వరసలో ఒక లేక్‌స్టార్ ఉంది, మగాళ్ళది, 1949 అని అట్ట. వంగి చూశాను. 3187. దాని అవతల ఎర్రటిది ఇంకోటి. 3187. తుప్పు పట్టిన ముక్కలమ్మే బల్ల మీద ఒట్టి క్రాంకులు కుప్పగా పోసి ఉంటే ఒక్కొక్కటీ ఎత్తాను. 3187. 3187. అది సైకిలు నంబరు కాదు. క్రాంకు పోతపోసిన అచ్చు నంబరు. యుద్ధానికి ముందూ తర్వాతా ఒకటే అచ్చు. దేశంలో ఉన్న లేక్‌స్టార్ సైకిళ్ళన్నిటికీ ఒకటే నంబరు.

బల్లవాడు నన్ను వింతగా చూశాడు. "ఏదైనా కావాలా అమ్మా?"

"ఒక మనిషి ప్రాణం," అన్నాను.

* * *

ఒంటిగంటా ఇరవైకి డెల్బర్ట్ తన ట్రక్కు వెనక సైకిలుకి దుప్పట్లు చుడుతూ దొరికాడు.

"బిల్లు చేత్తో పట్టుకుని షెడ్డులోకి వెళ్ళావు," అన్నాను. "3187 కోసం వెతికావు. క్రాంకు మీద కనబడింది. ఇంక తిరగెయ్యలేదు."

"వెతికింది దొరికాక ఇంకా వెతికేవాణ్ణి పిచ్చోడంటారు."

"కోర్టులో తిరగేశానన్నావు."

"అందరూ అంటారు."

"డెబ్బై అయిదులో ఓపల్ బల్ల దగ్గర నీకు నిజం తెలిసింది. అప్పుడెందుకు నోరు విప్పలేదు?"

"అప్పటికే పద్దెనిమిదేళ్ళు అయిపోయాయి."

"ఇంకో పన్నెండేళ్ళు మిగిలున్నాయి కదయ్యా అతనికి!" నేను అరిచాను. అవతల సామాన్లు సర్దుకుంటున్నవాళ్ళు తలెత్తారు. "పోనీ, ఏట్లో పారేస్తే నీ పీడా పోయేది. రిబ్బను కట్టించుకుని ఊరేగడమెందుకు?"

డెల్బర్ట్ నన్ను నిజంగా అర్థం కానట్టు చూశాడు. "సైకిలమ్మా అది. ఎవడు పారేస్తాడు?"

ఈ మనిషిని చంపినా పాపం లేదనిపించింది.

"సరే, ఓపల్ కాయితం తెస్తుంది," అన్నాడు అతను తాడు బిగిస్తూ. "తేనీ. గోడౌన్‌లో ఆరు సైకిళ్ళుండేవి, చీటీలు ఊడిపోయాయి, నేను కొన్నది ఆర్విన్ షెడ్డుదో కాదో నాకే తెలీదంటాను. నీలం రంగు ప్రపంచంలో వాడొక్కడే పూశాడా? కోర్టులో రెండు ప్రమాణాలున్నాయి ఇర్మా. నాదీ, మీ నాన్నదీ. ఇద్దరం తిరగేసి కింద చూశామన్నాం. ఇద్దరికీ 3187 కనబడింది. ఒక ముసలమ్మ పెన్సిలు రుద్దుడు వాటిని కొట్టేస్తుందా?"

"నీది అబద్ధం. మా నాన్నది..." ఆగిపోయాను.

అక్కడే ఉంది ముల్లు. నాన్న బిల్లు మీద కూడా 3187 అనే ఉంది. తిరగెయ్యకుండా మా నాన్న నంబరు రాయడు. చిన్నప్పుడు నేను ఒకసారి అలా రాస్తే చెవి మెలిపెట్టాడు.

డెల్బర్ట్ పర్సు తీశాడు. అందులోంచి ప్లాస్టిక్కు కవరు. "సైకిలు హ్యాండిలుకి పురికొసతో కట్టి ఉంది, వేలంలో దాంతోపాటే వచ్చింది. ఎప్పుడైనా పనికొస్తుందని దాచాను. నీ కోసమే."

మా కొట్టు బిల్లు. పసుపుపచ్చ కాయితం. నోరీన్ గిబ్స్, లేడీస్ లేక్‌స్టార్, నంబరు 3187. ఏడంకె నడుమ అడ్డగీత. మా పోలిష్ అమ్మమ్మ నేర్పిన ఏడు. మూలన చిన్న బెల్లు బొమ్మ. మొదటిసారి సైకిలు కొన్నవాళ్ళ బిల్లు మీద ఆ బొమ్మ వేసేది మా కొట్లో ఒక్కరే.

నేను.

అంతా ఒక్కసారి కళ్ళముందుకొచ్చింది. ఏప్రిల్ శనివారం. నాన్న భోజనానికి వెళ్ళాడు. సాయంత్రం నా నిశ్చితార్థం విందు. గోళ్ళ రంగు ఇంకా ఆరలేదు. సైకిలు తిరగేస్తే గ్రీజు అంటుకుంటుంది. నోరీన్ అప్పుడే బెల్లు మోగించుకుంటూ నవ్వుతోంది. కొంచెం వంగాను, క్రాంకు మీద ఏవో అంకెలు కనబడ్డాయి, రాసేశాను. ఆ పిల్ల పేరు తర్వాత పేపర్లో చదివాను. ఆ బిల్లు సంగతి మాత్రం నాకు ఒక్కనాడూ గుర్తు రాలేదు. నాన్న రాశానన్నాడు కదా.

నాన్న ఆ బిల్లుని సాక్షుల బోనులో చేత్తో పట్టుకుని చూసి ఉంటాడు. నా ఏడంకె చూసి ఉంటాడు. 'బిల్లు నేనే రాశాను' అన్నాడు. మూడు నెలలు తిరక్కుండా కొట్టు మూసేశాడు. ఎందుకు నాన్నా అంటే, చేతులు వణుకుతున్నాయన్నాడు. ఆయన చేతులు చచ్చిపోయేదాకా వణకలేదు.

"ఆ బెల్లు బొమ్మ ఎవరిదో ఊరంతటికీ తెలుసు. మీ నాన్న దొంగసాక్షి," అన్నాడు డెల్బర్ట్ మెల్లగా. "నువ్వు దానికి కారణం. రేపు కోర్టుకొస్తే ఇది పైకి తీస్తాను. రాకపోతే ఇద్దరం హాయిగా ముసలివాళ్ళమవుదాం."

నాకు ఏడుపొచ్చింది, ఆ తర్వాత బుర్ర పనిచేసింది.

"తీసుకురా," అన్నాను.

"ఏమిటీ?"

"దాన్ని తీసుకురా డెల్బర్ట్. నీకు దణ్ణం పెడతాను. ఆ రాత నాదని చెప్తాను. తిరగెయ్యలేదని, క్రాంకు మీద అచ్చు నంబరు రాశానని చెప్తాను. దాంతో మీ రెండు ప్రమాణాలూ గాలికి పోతాయి. ఆ నంబరు ప్రతి లేక్‌స్టార్‌కీ ఉందని ముక్కల బల్లవాడు కూడా చెప్తాడు."

అతను తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. నన్ను బెదిరించడానికి దాచుకున్న కాయితమే ఆర్విన్‌ని విడిపించే కాయితమని ఇన్నేళ్ళలో అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు. సిగ్గుతో నేను నోరు మూసుకుంటానని లెక్కేసుకున్నాడు.

నేను చెయ్యి చాపేలోపు లైటరు వెలిగింది.

పాత కాయితం, ఎండిన కాయితం. ప్లాస్టిక్కుతో పాటు ముడుచుకుపోయింది. అతని మణికట్టు పట్టుకున్నాను, వేళ్ళు కాల్చుకున్నాను, బెల్లు బొమ్మ ఉన్న మూల నల్లబడి రాలిపోయింది. సరిగ్గా మూడు సెకన్లు.

"ఇప్పుడు చెప్పుకో," అన్నాడు రొప్పుతూ. "పెటిట్‌వాళ్ళు పెట్టుకున్న డిటెక్టివ్‌వి. వాళ్ళకోసం చచ్చిపోయిన తండ్రిని కూడా దొంగసాక్షిని చేస్తోందంటారు. ఎవరు నమ్ముతారు?"

ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయాడు. సైకిలు దుప్పట్లలో చక్కగా, పసిపిల్లలా పడుకుని వెళ్ళింది.

* * *

రెండూ అయిదు. వెల్డా కాఫీ బండి దగ్గర ఉన్నచోటే ఉంది. ముందున్న కాఫీ మీద మీగడ కట్టింది. నా చేతి వేళ్ళు చూసి లేచి నిలబడింది.

"దొరికిందా ఇర్మా గారూ?"

"దొరికింది. కాలిపోయింది."

కూచోబెట్టి అంతా చెప్పాను. ఓపల్ పెన్సిలు కాయితం, అచ్చు నంబరు, డెల్బర్ట్, బిల్లు. చివర, ఆ బిల్లు రాసింది ఎవరో కూడా చెప్పాను. దాచడానికి మాటలు వెతుక్కున్నాను గాని ఒక్కటీ దొరకలేదు.

వెనకాల ఎవరో మైకులో సామాన్లు త్వరగా సర్దుకోమని చెప్తున్నారు.

"గోళ్ళ రంగు ఆరలేదని," అంది ఆఖరికి.

"అవును."

"గోళ్ళ రంగు."

"వెల్డా, నేను..."

"క్షమాపణ చెప్పకు. ఇప్పుడు వద్దు. చెప్తే చెయ్యి చేసుకుంటాను." ఇన్నాళ్ళూ నన్ను మీరనే పిలిచింది. "రేపు ఇదంతా కోర్టులో చెప్తావా?"

"చెప్తాను. ఓపల్ గారు కాయితం తెస్తారు. ముక్కల బల్లవాణ్ణి కూడా లాక్కొస్తాను. కాని బిల్లు లేదు. నా ఒట్టిమాట. నమ్మకపోవచ్చు."

"నమ్మరు," అంది వెల్డా. "ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను వాళ్ళని. నమ్మరు."

నేను కూడా అదే అనుకుంటున్నాను.

ఆమె చేతిసంచిలోంచి ఒక కార్డు తీసి నా ముందు పెట్టింది. జైలు ఆసుపత్రిలో ఒక్కరోజుకి ఒక్కరికే ఇచ్చే ములాఖత్ కార్డు. ఇవాళ్టి తేదీ. ఇవాళ అన్నని చూడ్డానికి వెళ్ళాల్సింది ఆమె.

"అన్నయ్య నన్ను ప్రతిసారీ ఒకటే అడుగుతాడు. 'నంబరెలా కలిసింది వెల్డా? నా సైకిలూ ఆ పిల్ల సైకిలూ ఒకటెలా అయ్యాయి?' అని. రాత్రుళ్ళు పడుకుని ఒకవేళ తనే ఏదైనా చేసి మర్చిపోయాడేమో అనుకునేదాకా వెళ్ళాడు. ఈ మధ్య ఆ మాట ఎక్కువగా అంటున్నాడు." కార్డు నావైపు తోసింది. "నేను అక్కడికి ఫోను చేసి పేరు మార్పిస్తాను. నేను ఎవరి బండిలోనైనా ఇంటికి చేరతాను. నువ్వెళ్ళు. వెళ్ళి నువ్వే చెప్పు, నీ నోటితో. వాడు బతికుండగా."

"ఇవాళే?"

"రేపు తొమ్మిదింటికి వాడుంటాడో లేదో నాకు తెలీదు. నీకు తెలుసా?"

విజిటింగు అయిదింటితో అయిపోతుంది. దారి గంటన్నర. గడియారంలో రెండూ ఇరవై అయింది. కాలిన వేళ్ళతోనే కారు తాళాలు తీసుకున్నాను.